కార్డు మీద డైరెక్టర్, చట్టంలో ఏజెంట్

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ ఉప్పల్ చౌరస్తాలో ఏసీ కార్లు బారులు తీరుతాయి. గమ్యం వరంగల్ రహదారి మీద ఏదో ఒక వెంచర్. ప్రయాణం ఉచితం, మధ్యాహ్నం బిర్యానీ ఉచితం, రంగురంగుల బ్రోచర్ ఉచితం. ముందు సీట్లోని యువకుడు వెనక్కి తిరిగి, వెనక కూర్చున్న రిటైర్డ్ ఉద్యోగికి విజిటింగ్ కార్డు అందిస్తాడు. పేరు కింద బంగారు రంగు అక్షరాల్లో 'సీనియర్ డైరెక్టర్ - సేల్స్' అని ఉంటుంది. డైరెక్టర్ అంటే కంపెనీ పెద్దల్లో ఒకడని ఆ పెద్దాయన అనుకోవడం సహజం. కానీ ఇలాంటి 'డైరెక్టర్లు' చాలామంది సోమవారం పొద్దున్నే ఏ ప్రైవేటు స్కూలుకో, బీమా ఆఫీసుకో తమ అసలు పని మీద వెళ్లిపోతారు. వెంచర్ కంపెనీలో వారికి జీతం ఉండదు, నియామక పత్రం ఉండదు, వాటా సంగతి అడగనే అక్కర్లేదు. కొన్ని ప్లాట్లు అమ్మితే ఎగ్జిక్యూటివ్, ఇంకొన్ని అమ్మితే మేనేజర్, తన కింద మరికొందరిని చేర్పించి వాళ్లచేత అమ్మిస్తే డైరెక్టర్. కింది వాళ్లు అమ్మిన ప్రతి గజం మీదా పైవాళ్లకు కొంత ముడుతుంది. ఈ గొలుసు తెలుగు రాష్ట్రాల వెంచర్ వ్యాపారంలో ఎంత మామూలైపోయిందంటే, ఒక్కో కాలనీలో ఇద్దరు ముగ్గురు డైరెక్టర్లు తగలడం వింతేమీ కాదు.

వెనక సీట్లో పెద్దాయన దగ్గరున్నది గ్రాట్యుటీ సొమ్ము, అమ్మాయి పెళ్లికని దాచిన మరికొంత. 'ఈ వారం దాటితే గజం రేటు పెరుగుతుంది అంకుల్' అన్న తొందరలో ఆయన బయానా ఇచ్చేస్తే, రేపు లేఅవుట్ అనుమతి దగ్గరో, భూమి హక్కుల దగ్గరో తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలి? కంపెనీ 'అతను మా ఉద్యోగి కాడు' అంటుంది. అతను 'నేను చూపించానంతే, కంపెనీని అడగండి' అంటాడు. రెండు మాటలూ నిజమే కావచ్చు. కార్డు మీది హోదా మాత్రం ఎవరి మీదా ఏ బాధ్యతా పెట్టదు.

భూమి బేరం కుదిర్చే పనికి ఉన్నన్ని పేర్లు తెలుగునాట మరో పనికి లేవేమో. పాత మాట దళారి. అరబ్బీ దల్లాల్ ఉర్దూ మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడింది. ముంబై స్టాక్ ఎక్స్చేంజి ఉన్న దలాల్ స్ట్రీట్ పేరులో ఉన్నదీ అదే మాట. అక్కడ దానికి మర్యాద. మన మార్కెట్ యార్డు ప్రసంగాల్లో మాత్రం దళారి అంటే రైతు నోటికాడి కూడు లాక్కునేవాడు. పల్లెల్లో పొలం బేరం చేసేవాడిని మధ్యవర్తి అనో, పెద్దమనిషి అనో అనేవారు. పెళ్లిళ్ల పేరయ్య లాగే అతనూ ఇరువైపులా ఎంతో కొంత పుచ్చుకునేవాడు, ఉన్నవీ లేనివీ కలిపి చెప్పేవాడు. కాకపోతే అదే ఊళ్లో బతకాలి. తగాదా పొలం అంటగడితే మర్నాడు రచ్చబండ దగ్గర మొహం చూపించలేడు. అతన్ని అదుపులో ఉంచింది బిరుదు కాదు, ఆ భయం.

పట్నం వచ్చేసరికి దళారి బ్రోకర్ అయ్యాడు. ఆ మాటనూ తెలుగు సినిమా తిట్టుగా మార్చేసింది. ఇప్పుడు కార్డు మీద బ్రోకర్ అని అచ్చేయించుకునే సాహసం దాదాపు ఎవరూ చేయరు. ఆ ఖాళీలోకి 'కన్సల్టెంట్' వచ్చాడు. 1990లలో విదేశీ ప్రాపర్టీ సలహా సంస్థలు భారత్‌లో అడుగుపెట్టి, ఆ తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ కంపెనీలకు ఆఫీసులు కుదర్చడంతో ఆ మాటకు గ్లామర్ వచ్చింది. చూస్తుండగానే రెండు కుర్చీలు, ఒక ఫ్యాన్ ఉన్న కూకట్‌పల్లి గది మీద కూడా కన్సల్టెన్సీ బోర్డు వెలిసింది. ఒకరు మందపాటి నివేదిక ఇస్తారు, మరొకరు బైక్ మీద ఎక్కించుకుని మూడు ఫ్లాట్లు చూపిస్తారు. రెండోవారిది తక్కువ పనేమీ కాదు. ఏ అపార్ట్‌మెంట్‌కు మంజీరా నీళ్లు సరిగా వస్తాయో, ఏ సెల్లారులో వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయో చెప్పగలిగేది అతనే. అయితే కన్సల్టెంట్ అంటే సలహా అడిగినవారి తరఫున ఆలోచించి, వారి దగ్గరే ఫీజు తీసుకునేవాడని అర్థం. బేరం కుదిరితేనే డబ్బు వచ్చే మనిషి 'ఈ ఇల్లు కొనకండి' అని సలహా ఇవ్వడం కష్టం.

అన్నింటికన్నా తమాషా ప్రయాణం 'రియల్టర్' అన్న మాటది. దాన్ని 1916లో అమెరికాలోని మినియాపొలిస్‌కు చెందిన చార్లెస్ చాడ్‌బర్న్ అనే వ్యాపారి సృష్టించాడు. సంఘంలో చేరి, దాని నైతిక నియమావళికి కట్టుబడ్డవారిని మిగతావారి నుంచి వేరుచేసి చూపించడం ఆయన ఉద్దేశం. అది నేటికీ అక్కడి జాతీయ రియల్టర్ల సంఘం రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్కు. సభ్యత్వం లేని ఏజెంట్ ఆ మాట వాడుకోకూడదు. జనం నోట్లో పడి మామూలు మాటైపోయింది కాబట్టి ట్రేడ్‌మార్కు చెల్లదన్న వాదనను అక్కడి ట్రేడ్‌మార్కుల ట్రిబ్యునల్ 2004లో తోసిపుచ్చింది. ఆ మాట సముద్రం దాటి తెలుగు పత్రికల్లోకి వచ్చేసరికి అర్థమే మారిపోయింది. ఇక్కడ రియల్టర్ అంటే ఎకరాలకు ఎకరాలు కొని, ప్లాట్లు వేసి అమ్మే ఆసామి. కబ్జా వార్తల్లో, సెటిల్‌మెంట్ వార్తల్లో, ఎన్నికల అఫిడవిట్లలో కనిపించే పెద్ద మనిషి. డాలస్‌లోని కొడుకు ఫోన్లో 'మా రియల్టర్ ఇల్లు చూపించాడు' అంటే నిజాంపేటలోని తండ్రి ఎవరో కోటీశ్వరుడు స్వయంగా వచ్చాడనుకుంటాడు.

బ్రోకర్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఇక్కడ తిట్టు, అక్కడ హోదా. టెక్సస్‌లో లైసెన్సు పొందిన సేల్స్ ఏజెంట్ సొంతంగా వ్యాపారం చేయడానికి లేదు. ఒక బ్రోకర్ కింద, అతని పూచీ మీదే పని చేయాలి. అనుభవం, అదనపు చదువు ఉంటేనే బ్రోకర్ లైసెన్సు వస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోనైతే కొత్తగా లైసెన్సు తీసుకున్నవారిని కూడా బ్రోకర్ అనే అంటారు, వారి పైన ఉండేవారు మేనేజింగ్ బ్రోకర్. ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో ఇళ్లు అమ్మిపెట్టే తెలుగువారి కార్డుల మీద ఏ మాట ఉన్నా దాని వెనక రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండి తీరాలి. తప్పు చేస్తే అది పోతుంది. బిరుదుకు విలువ వచ్చేది అలా పోగొట్టుకునేందుకు ఏదైనా ఉన్నప్పుడే.

భారతదేశంలో ఆ అలవాటు ఆలస్యంగా మొదలైంది. ఢిల్లీ చుట్టుపక్కల వీధివీధినా 'ప్రాపర్టీ డీలర్' బోర్డులు. డీలర్ అంటే సరుకు కొని అమ్మేవాడు, ఏజెంట్ అంటే ఒకరి తరఫున పని చేసేవాడు. ఆ తేడా బోర్డు రాసే పెయింటర్‌కు అక్కర్లేకపోయినా కొనేవారికి అవసరం. హర్యానా 2008లో ప్రాపర్టీ డీలర్లు, కన్సల్టెంట్ల నియంత్రణకు ప్రత్యేక చట్టమే చేసి లైసెన్సు పెట్టింది. దేశమంతటికీ వర్తించే నియమం మాత్రం 2016లో పార్లమెంటు చేసిన రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టంతో, అంటే రెరాతో వచ్చింది. అది పూర్తిగా అమల్లోకి వచ్చింది 2017 మే 1న.

ఆ చట్టం రాసినవారికి ఈ దేశంలో బిరుదుల సంగతి బాగా తెలిసినట్టుంది. డబ్బు తీసుకుని ఒకరి తరఫున ప్లాటో, ఫ్లాటో, భవనమో అమ్మిపెట్టేవారు, కొనిపెట్టేవారు, ఏ మాధ్యమం ద్వారానైనా కొనేవారిని అమ్మేవారికి పరిచయం చేసేవారు, ప్రాపర్టీ డీలర్లు, బ్రోకర్లు, మధ్యవర్తులు, 'ఏ పేరుతో పిలిచినా సరే', అందరూ రియల్ ఎస్టేట్ ఏజెంట్లేనని నిర్వచనంలో తేల్చేశారు. ఆ ఒక్క మాటతో కన్సల్టెంటు, అడ్వైజరు, ఛానెల్ పార్ట్‌నరు, సీనియర్ డైరెక్టరు ఒకే బల్ల మీదికి వచ్చారు. రెరాలో నమోదైన ప్రాజెక్టులో ప్రమోటర్ అమ్మే ప్లాటును గానీ ఫ్లాటును గానీ అమ్మిపెట్టాలంటే ఏజెంట్ కూడా నమోదు కావాలి. కుదిర్చిన ప్రతి అమ్మకంలో తన నంబరు పేర్కొనాలి. లెక్కలు రాయాలి. బుకింగ్ నాటికి పత్రాలన్నీ కొనేవారికి అందేలా చూడాలి. నమోదు కాని ప్రాజెక్టును అసలు ముట్టుకోకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు రూ. 10,000 చొప్పున, అమ్మిపెట్టిన ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా.

'ఏ పేరైనా సరే' అన్న చురక అదే చట్టంలో మరోచోటా ఉంది. బిల్డరు, కాలనైజరు, కాంట్రాక్టరు, డెవలపరు, ఎస్టేట్ డెవలపరు, ఇంకే పేరు పెట్టుకున్నా, చివరికి భూయజమాని ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ తన దగ్గర ఉందని చెప్పుకున్నా, అలా వ్యవహరించే వ్యక్తి ప్రమోటరే. కట్టేవారు ఒకరు, అమ్మేవారు మరొకరు అయితే ఇద్దరూ ప్రమోటర్లే, ఇద్దరిదీ ఉమ్మడి బాధ్యత. ప్రాజెక్టు నమోదు చేయకుండా అమ్మకానికి పెడితే ప్రమోటర్‌కు పడే జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా. కాబట్టి 'మేం మార్కెటింగ్ పార్ట్‌నర్స్ మాత్రమే' అని చేతులు దులుపుకునే సంస్థ నిజానికి ఏ కుర్చీలో కూర్చుందన్నది పెద్ద ప్రశ్న. ఏజెంట్ కుర్చీ అయితే జవాబుదారీ ఒక మేరకే, ప్రమోటర్ కుర్చీ అయితే ఇల్లు చేతికి వచ్చేదాకా. 'ప్రీ లాంచ్' పేరుతో నంబరు రాకముందే సగం సొమ్ము వసూలు చేసిన చోట్ల తగాదా అంతా ఇక్కడే. రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ప్రమోటర్ ఖరీదులో 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టంలో 13వ సెక్షన్ చెబుతున్నా, తక్కువ రేటు ఆశ చూపితే ఆ సెక్షన్ ఎవరికీ గుర్తుండదు.

ఈ రెండు కుర్చీలకూ దొరక్కుండా తిరిగే మనిషి మరొకడున్నాడు. అతనికి వాడుకలో సరైన పేరు కూడా లేదు, 'అగ్రిమెంట్ మీద ఉన్నాయన' అంటారు. యజమాని దగ్గర ఎకరం కోటి రూపాయలకు అగ్రిమెంట్ రాయించుకుంటాడు. కొంత బయానా, మూడు నెలల గడువు. ఆ గడువులోపే మరొకరికి కోటీ 15 లక్షలకు చూపిస్తాడు. రిజిస్ట్రేషన్ యజమాని నుంచి నేరుగా కొన్నవారి పేరు మీదే జరిగిపోతుంది. 'నాకు కమీషన్ ఏమీ అక్కర్లేదు సార్' అని ఇద్దరితోనూ అంటాడు, అదీ నిజమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఏజెంట్ తనను నియమించినవారికి తెలియకుండా సొంత లాభానికి బేరం చేస్తే ఆ లాభాన్ని వారు రాబట్టుకోవచ్చు. ముఖ్యమైన విషయం దురుద్దేశంతో దాచినా, ఆ బేరం వల్ల వారికి నష్టం జరిగినా బేరాన్నే కాదనవచ్చు. అతను ఏజెంట్ అయితేనే ఈ రక్షణ. కాగితం మీద అతను కొనుగోలుదారు. ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ 'మీ తరఫున మాట్లాడతాను' అన్న మనిషి, అగ్రిమెంట్‌లో రెండో పార్టీగా తేలతాడు. పేరు మారితే బాధ్యత మారిపోవడం అంటే ఇదే. ఇక జీపీఏ మీదే మొత్తం బేరం నడిపిస్తానన్న వారి సంగతి సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో స్థిరాస్తి యాజమాన్యం బదిలీ కాదు, రిజిస్టర్డ్ దస్తావేజు కావాల్సిందే.

రెరాకూ హద్దులున్నాయి. ఏజెంట్ నమోదు నిబంధన ప్రమోటర్లు అమ్మే ప్రాజెక్టులకే. ఒకరి పాత ఫ్లాటు మరొకరు కొనే బేరానికి, అద్దె ఇళ్లకు అది వర్తించదు. నగరాల్లో రోజూ జరిగే వ్యవహారాల్లో ఇవేమీ తక్కువ కాదు. అమరావతిలో ఈ ఖాళీ ఎంత పెద్దదో కనిపించింది. 2014 చివర రాజధాని ప్రకటన వచ్చాక తుళ్లూరు, మందడం దారుల వెంట రియల్ ఎస్టేట్ ఆఫీసులు పుట్టగొడుగుల్లా లేచాయి. భూసమీకరణలో తమకొచ్చే ప్లాట్లను రైతులు అమ్ముకున్న బేరాలన్నీ వ్యక్తుల మధ్య అమ్మకాలే. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవారు లేక ఆ ఆఫీసుల షట్టర్లు దిగాయి. కొన్నవారు రేటు పడిపోయిందని అడగడానికి వెళ్తే ఆ చిరునామాలో మనిషి ఉండడు, ఫోన్ కలవదు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ బోర్డులు లేచాయి. ఊళ్లో పెద్దమనిషిని కట్టిపడేసిన రచ్చబండ భయం ఈ బోర్డులకు లేదు.

ఇంకో చిక్కు డబ్బు ఎవరిస్తారన్నది. 'కొనేవారి దగ్గర మేం పైసా తీసుకోం' అన్నది ఛానెల్ పార్ట్‌నర్ల మొదటి మాట. పార్ట్‌నర్ అన్నారని వారేమీ కంపెనీలో భాగస్వాములు కారు, బిల్డర్ ఇచ్చే కమీషన్ మీద పనిచేసే ఏజెంట్లు. ఆ కమీషన్ ఆకాశం నుంచి ఊడిపడదు, ఫ్లాటు ధరలోనే ఉంటుంది. అంటే డబ్బు కొనేవారిది, విధేయత బిల్డర్‌కు. తనకెంత ముడుతోందో కొనేవారికి చెప్పాలన్న షరతు రెరా చట్టంలో ఏజెంట్ విధులు చెప్పే 10వ సెక్షన్‌లో కనిపించదు. కమీషన్ ఇంత అని చట్టం నిర్ణయించనూ లేదు. అమెరికాలోనూ ఈ ముడి విప్పడానికి చాలాకాలమే పట్టింది. ఇల్లు అమ్మేవారే కొనేవారి ఏజెంట్ కమీషన్ కూడా భరించే పద్ధతి మీద కోర్టుకెక్కిన కేసుల్లో రియల్టర్ల సంఘం 2024 మార్చిలో 41.8 కోట్ల డాలర్లకు రాజీపడింది. అదే ఏడాది ఆగస్టు 17 నుంచి, ఏజెంట్ ఇల్లు చూపించడానికి ముందే కొనేవారితో రాతపూర్వక ఒప్పందం చేసుకుని తన ఫీజు ఎంతో అందులో చెప్పాల్సి వస్తోంది. లైసెన్సులు, నియమావళి, శతాబ్దం నాటి ట్రేడ్‌మార్కు ఉన్నచోటే 'నువ్వు ఎవరి మనిషివి' అన్న ప్రశ్నకు రాతలో జవాబు ఇప్పుడు వచ్చిందన్నమాట.

ఇక్కడ చట్టంలో ఏజెంట్‌కు చదువు, శిక్షణ అంటూ ఏ అర్హతా పెట్టలేదు. మహారాష్ట్ర రెరా ఒక అడుగు ముందుకేసి 2023లో శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. పాతికేళ్లుగా ఫ్లాట్లు అమ్ముతున్న ముంబై ఏజెంట్లు కూడా హాల్ టికెట్ పట్టుకుని వెళ్లాల్సిన పరిస్థితి. బిరుదులు పంచుకునే వ్యాపారంలో మార్కులు రావడం మంచి మార్పే.

మళ్లీ వరంగల్ రహదారికి వస్తే, పెద్దాయన చేతిలోని బంగారు అక్షరాల కార్డు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక రెరా నంబరు తరచూ ఉంటుంది. తెలంగాణలో, మహారాష్ట్రలో ఆంగ్ల అక్షరం పి తో మొదలైతే అది ప్రాజెక్టు నంబరు, ఎ తో మొదలైతే ఏజెంట్‌ది. కార్డు మీద ఉండేది చాలాసార్లు మొదటి రకం. వెంచర్‌కు నమోదు ఉందని అది చెబుతుంది, కార్డిచ్చిన మనిషి గురించి ఏమీ చెప్పదు. 'బాబూ, ఇది వెంచర్‌ది, నీ నంబరేది?' అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు 'మా కంపెనీకి ఉంది కదా అంకుల్' అని. కంపెనీలో అతను ఉద్యోగా అంటే కాదు, భాగస్వామా అంటే కాదు. నంబరు ఉన్న ఏజెంట్ ఎవరు, బయానా చెక్కు రాయాల్సింది ఎవరి పేరు మీద, రసీదు మీద సంతకం ఎవరిది అని వరసగా అడిగేసరికి ముందు సీట్లోని డైరెక్టర్ ఫోన్ తీసి తన పైనున్న మరో డైరెక్టర్‌కు కలుపుతాడు. ఆయన లైన్లోకి వచ్చేసరికి కారు బీబీనగర్ దాటేసి ఉంటుంది.